విదేశీ వేలంలో క్లాసిక్ స్పోర్ట్స్ కారు: పాట నుంచి నంబరు ప్లేటు దాకా

విదేశీ వేలంలో పాత స్పోర్ట్స్ కారు కొనే పనిలో ముప్పాతిక భాగం సుత్తి పడకముందే, అంటే ధర ఖాయం కాకముందే, అయిపోవాలి. సుత్తి పడ్డాక సరిదిద్దుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. వేలం సంస్థలు దాదాపు అన్నీ కారును ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతాయి. కేటలాగులోని పొగడ్తలకు అవి ఇచ్చే పూచీ అంతంత మాత్రమే. ఓడెక్కి వచ్చిన కారును తిప్పి పంపడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుకే ఇక్కడ పాటకు ముందు చేయాల్సిన పనులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. కొత్తవాళ్లు ఓడ గురించీ కస్టమ్స్ గురించీ బెంగ పెట్టుకుంటారు. నిజానికి అవి కాస్త డబ్బు, కాస్త ఓపిక ఉంటే గడిచిపోయే పనులు. లోపల తుప్పు తినేసిన చాసిస్ అలా గడిచిపోదు.

మొదటి పని: మీ దేశం రానిచ్చే కారేదో తేల్చుకోండి

చాలామంది కారును ముందు ఇష్టపడి, చట్టాన్ని తర్వాత వెతుకుతారు. ఈ వరుసను తిరగేయాలి.

అమెరికాలో హద్దు 25 ఏళ్లు. అక్కడి భద్రతా ప్రమాణాల ప్రకారం తయారు కాని కారు, తయారై 25 ఏళ్లు నిండితే ఆ ప్రమాణాల పట్టింపు లేకుండా లోపలికి రావచ్చు. 1980లలో యూరప్ నుంచి ఖరీదైన కార్లు అధీకృత డీలర్లతో సంబంధం లేకుండా వెల్లువెత్తడంతో 1988లో అక్కడి చట్టాన్ని బిగించారు. ఈ లెక్క ఏడాదితో ఆగదు, నెల దాకా పోతుంది. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 తయారీ 1999 జనవరిలో మొదలైంది కాబట్టి, వాటిలో మొట్టమొదటివి ఈ మినహాయింపు కిందకు వచ్చింది 2024 జనవరిలో. ఉద్గారాల నిబంధన దీనికి వేరుగా ఉంది. అందులో హద్దు 21 ఏళ్లు, ఇంజను అసలు తీరులోనే ఉండాలి. వీటన్నిటినీ దాటిన కారు కూడా కాలిఫోర్నియాలో చిక్కుకోవచ్చు. 1975, అంతకు ముందు మోడళ్లకు పొగ పరీక్ష లేదు గానీ, ఆ తర్వాతి కార్లను ఆ రాష్ట్రంలో రిజిస్టర్ చేయించడం వేరే యుద్ధం. దేశంలోకి రావడం, రోడ్డెక్కడం రెండు వేర్వేరు అనుమతులని గుర్తుంచుకోవాలి.

కెనడాలో హద్దు 15 ఏళ్లే. ఆస్ట్రేలియాలో 25. భారత్‌లో 50 ఏళ్లు. బ్రిటన్, యూరోపియన్ యూనియన్‌లలో వయసు ప్రభావం ఎక్కువగా పన్ను మీద పడుతుంది. 30 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా, తయారీ ఆగిపోయిన మోడల్ అయితే దాన్ని చారిత్రక ఆసక్తి ఉన్న సేకరణ వస్తువుగా లెక్కగడతారు. అప్పుడు కస్టమ్స్ సుంకం ఉండదు, దిగుమతి పన్ను తగ్గుతుంది. ఆ తగ్గిన పన్ను బ్రిటన్‌లో 5 శాతం, జర్మనీలో 7, నెదర్లాండ్స్‌లో 9, ఫ్రాన్స్‌లో 5.5 శాతం.

ఇక్కడ ‘అసలు రూపం’ అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. జపాన్ కార్లకు టర్బోలు, సస్పెన్షన్, బ్రేకులు మార్చేయడం సర్వసాధారణం. అలా మార్చిన కారు 30 ఏళ్లు దాటినా ఈ రాయితీ దక్కకపోవచ్చు. పన్ను అధికారికి చూపించడానికి అసలు విడిభాగాలు కారుతో పాటు వస్తున్నాయా అని అడగడం మంచి అలవాటు.

వయసును ఎక్కడి నుంచి లెక్కించాలన్నది మరో మెలిక. కొన్ని దేశాలు తయారైన నెల చూస్తాయి, కొన్ని తొలి రిజిస్ట్రేషన్ తేదీ చూస్తాయి. జపాన్ పత్రాల్లో కనిపించేది తొలి రిజిస్ట్రేషన్. కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది అంతకు ముందు ఏ నెలలోనో. హద్దుకు దగ్గరలో ఉన్న కారైతే చాసిస్ నంబరును బట్టి తయారీ నెలను రాబట్టి, కాగితం మీద రుజువు చేతిలో ఉంచుకోవాలి.

ఏ వేలానికి వెళ్లాలి?

రెండు లోకాలున్నాయి, వాటి పద్ధతుల్లో పోలికే లేదు. ఒకటి కేటలాగు వేలం. ఆర్ఎం సదబీస్, బోన్‌హమ్స్, పారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్, అమెరికాలో మీకమ్, బారెట్-జాక్సన్ ఈ కోవలోవి. ఆగస్టులో మాంటెరే, జనవరిలో స్కాట్స్‌డేల్, ఫిబ్రవరిలో పారిస్ పెద్ద సంతల్లాంటివి. ఇక్కడ కారుకు కథ రాస్తారు, ఫొటోలు తీస్తారు, ముందు రోజు వెళ్లి చూడనిస్తారు. బ్రింగ్ ఎ ట్రెయిలర్ లాంటి ఆన్‌లైన్ వేలాలు కూడా ఈ వైపువే. అక్కడ చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళుతుంది కాబట్టి, ఆఖరి క్షణంలో తన్నుకుపోయే ఎత్తులు సాగవు.

రెండోది జపాన్ డీలర్ల వేలం. యూఎస్ఎస్, టీఏఏ, జేయూ, హెచ్ఏఏ కోబే లాంటి సంస్థలు వారం వారం వేల కొద్దీ వాడిన కార్లను అమ్ముతాయి. వాటి మధ్యలోనే నిస్సాన్ స్కైలైన్ ఆర్32లు, మజ్డా ఆర్ఎక్స్-7లు, టొయోటా సుప్రాలు వస్తాయి. సభ్యత్వం ఉన్న వ్యాపారులు మాత్రమే పాడగలరు, కాబట్టి మీకు ఎగుమతి ఏజెంటు తప్పనిసరి. ఒక్కో కారుకు దొరికేది నిమిషం లోపు సమయం. కథలేమీ ఉండవు. ఒకే ఒక్క కాగితం ఉంటుంది, దాని సంగతి కాసేపట్లో.

జాగ్వార్ ఈ-టైప్, తొలి తరం పోర్షా 911, మెర్సిడెస్ 300ఎస్ఎల్ కావాలంటే మొదటి లోకం. 1980ల చివరి నుంచి 2000ల మొదటి దాకా వచ్చిన జపాన్ కార్లయితే రెండోది. టొయోటా 2000జీటీ లాంటి అరుదైనవి మాత్రం జపాన్‌లో పుట్టినా పశ్చిమ దేశాల కేటలాగుల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి.

సుత్తి ధర వేరు, ఖరీదు వేరు

సుత్తి పడిన మొత్తాన్ని 100 అనుకుని లెక్క వేయండి. కేటలాగు వేలాల్లో కొన్నవారి నుంచి వసూలు చేసే ప్రీమియం సాధారణంగా 10 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. 12 అనుకుంటే 112 అయింది. రేవు దాకా రవాణా, ఎగుమతి పత్రాలకు 3, ఓడ కిరాయి, బీమాకు 8. రేవుకు చేరేసరికి 123. ఇప్పుడు కారు బ్రిటన్‌కు వస్తోందనుకుందాం. 30 ఏళ్ల రాయితీ దక్కితే 5 శాతం పన్నుతో 129 దగ్గర ఆగుతుంది. దక్కకపోతే, ఏ వాణిజ్య ఒప్పందం రాయితీ కూడా లేకపోతే, 10 శాతం సుంకం, దాని మీద 20 శాతం పన్ను కలిసి 162 దాటుతుంది. 29 ఏళ్ల కారుకూ 30 ఏళ్ల కారుకూ మధ్య తేడా సుత్తి ధరలో మూడో వంతు. కొన్ని నెలలు ఆగితే మిగిలే డబ్బు అది.

సుంకం దేని మీద వేస్తారో కూడా చూసుకోవాలి. బ్రిటన్, యూరోపియన్ యూనియన్ ఓడ కిరాయి, బీమా కలిపిన విలువ మీద వేస్తాయి. అమెరికా ఎగుమతి రేవు దగ్గరి విలువ మీద వేస్తుంది. సుంకాల శాతాలు రాజకీయాలను బట్టి నెలల్లోనే మారిపోతున్న కాలం ఇది. నిరుడు తెచ్చుకున్నవారి లెక్కను నమ్ముకోకుండా, కస్టమ్స్ పని చూసే క్లియరింగ్ ఏజెంటు చేత ఈ వారం లెక్క రాయించుకోండి.

వచ్చిన మొత్తానికి కనీసం పది శాతం మరమ్మతు నిధి కలపాలి. ఆ నిధి లేకుండా పాటకు దిగడం కంటే ఇంకో ఏడాది ఆగడం నయం. పైనుంచి కిందికి లెక్కించి, సుత్తి ధర ఎక్కడ ఆగాలో అప్పుడే కాగితం మీద రాసుకోండి.

జపాన్ వేలం షీటును చదవడం

జపాన్ వేలంలో ప్రతి కారునూ సంస్థ తనిఖీదారు చూసి ఒక పేజీ చేతిరాతతో నింపుతాడు. పై మూలన గ్రేడు, కింద కారు బొమ్మ మీద గుర్తులు, పక్కన రాతలు. కొనేవారికి ఇంతకు మించిన స్నేహితుడు లేడు. అయితే గ్రేడు ఒక్కటే చూసి పేజీ తిప్పేసేవాళ్లకు ఇది పనికిరాదు.

గ్రేడు సాధారణంగా 1 నుంచి 6 దాకా, కొన్నిచోట్ల కొత్త కారుకు ఎస్. 30 ఏళ్ల స్పోర్ట్స్ కారుకు 4 వచ్చిందంటే చాలా బాగున్నట్టు. 3.5 గౌరవనీయం. ఆర్, ఆర్ఏ అన్నవి అంకెలు కావు. పిల్లర్లు, ఫ్లోరు, ముందు లోపలి ప్యానెళ్ల వంటి నిర్మాణ భాగాలకు ప్రమాద మరమ్మతు జరిగిందని అర్థం. 1 కనబడగానే పారిపోవక్కర్లేదు. ఇంజను, గేర్‌బాక్స్ మార్చిన కార్లకు కొన్ని సంస్థలు ఆ గ్రేడే ఇస్తాయి. ఒక సంస్థ 4, మరో సంస్థ 4 ఒకటి కాదన్నది కూడా మనసులో పెట్టుకోవాలి. లోపలి భాగానికి ఏ, బీ, సీ, డీ అని విడిగా మార్కులుంటాయి.

బొమ్మ మీద అక్షరాలు ఇవి: ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, బీ అంటే గీతతో కూడిన సొట్ట, డబ్ల్యూ అంటే టింకరింగు, రంగు వేసిన చోట మిగిలిన అల, ఎస్ అంటే తుప్పు, సీ అంటే తుప్పు తినేసిన చోటు, ఎక్స్ అంటే మార్చాల్సిన భాగం, రెండు ఎక్స్‌లు ఉంటే ఇప్పటికే మార్చిన భాగం. పక్కనున్న 1, 2, 3 తీవ్రతను చెబుతాయి.

ఒక షీటును ఊహించుకుందాం. సంవత్సరం గడిలో ‘హెచ్5’ అని ఉంది. ఇది జపాన్ క్యాలెండర్లోని హెయ్‌సెయ్ శకం. ఆ అంకెకు 1988 కలిపితే 1993 వస్తుంది. ‘ఎస్63’ అని ఉంటే షోవా శకం, దానికి 1925 కలపాలి, 1988 అవుతుంది. గ్రేడు 3.5, లోపల సీ. కుడి ముందు మడ్‌గార్డు మీద రెండు ఎక్స్‌లు, బానెట్ మీద డబ్ల్యూ2, కుడి తలుపు మీద డబ్ల్యూ1. తనిఖీదారు రాతలో ‘రేడియేటర్ ముందు పట్టీ కొద్దిగా వంగింది’. ఈ నాలుగూ కలిపితే కథ తెలిసిపోతుంది. ఎప్పుడో కుడి ముందు మూల దేనికో తగిలింది, మడ్‌గార్డు మార్చి రంగు కలిపారు. ఆర్ గ్రేడు రాలేదంటే దెబ్బ నిర్మాణం దాకా పోలేదు. ఇది నన్ను భయపెట్టదు. అదే షీటులో వెనక చక్రం పైన ఎస్1, రాతల్లో ‘కింది భాగంలో తుప్పు’ అని చిన్న ముక్క ఉంటే మాత్రం అక్కడ ఆగిపోతాను. మడ్‌గార్డు బోల్టులతో ఉంటుంది. వెనక చక్రం గూడు బాడీలో భాగం, అక్కడ బయటికి కనిపించే తుప్పు లోపల ఉన్నదానిలో కొసరు మాత్రమే.

షీటులో రెండు రకాల రాతలుంటాయి. ఒక గడి అమ్మేవారిది. అందులో మంచి చక్రాలు, మంచి సీట్లు, ఒకే యజమాని లాంటి మాటలుంటాయి. రెండోది తనిఖీదారుది. చెడ్డ వార్తంతా ఇందులోనే ఉంటుంది. ఏజెంటు మొదటి గడిని మాత్రమే అనువదించి పంపితే ఆ ఏజెంటును మార్చండి. ఓడోమీటర్ మార్చారనో, నడిచిన దూరం తెలియదనో ఉంటే ఆ అంకెను మరిచిపోయి కారును స్థితి మీదే లెక్కగట్టాలి. సర్వీసు రికార్డు పుస్తకం ఉందా అన్న గడిలో గుర్తు ఉంటే దానికి విలువ ఇవ్వండి. పాత కారుకు అది పుట్టుమచ్చల జాబితా లాంటిది.

వేలం షీటుకు నకిలీలు కూడా తిరుగుతుంటాయి. ముఖ్యంగా కారు ఇప్పటికే జపాన్ దాటి మూడో దేశంలో అమ్మకానికి ఉన్నప్పుడు. చాసిస్ నంబరుతో అసలు షీటును విడిగా తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడటం పెద్దగా ఖర్చు లేని జాగ్రత్త.

కారు దగ్గర మనిషి ఉండాలి

షీటు చూసి సరిపెట్టుకోకండి. ఏజెంటు చేత గానీ, ఆ మోడల్ తెలిసిన స్వతంత్ర మెకానిక్ చేత గానీ కారును చూపించండి. కమిషను మీద బతికే ఏజెంటు కంటే రోజు కూలి తీసుకునే మెకానిక్ నిజం చెప్పే అవకాశం ఎక్కువ.

మొదట గుర్తింపు. కారు చెప్పుకుంటున్నదేనా? స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్ చాసిస్ కోడు బీఎన్ఆర్32. అదే రూపంలో తక్కువ ధరకు దొరికే జీటీఎస్-టీ కోడు హెచ్‌సీఆర్32, జీటీఎస్-4 కోడు హెచ్ఎన్ఆర్32. వెడల్పు మడ్‌గార్డులు, వెనక వింగ్, జీటీ-ఆర్ బ్యాడ్జి బిగించి మామూలు స్కైలైన్‌ను జీటీ-ఆర్‌గా చూపించడం పాత విద్య. ఇంజను గది వెనక గోడ మీద చెక్కిన నంబరును, పక్కనున్న ప్లేటును దగ్గరగా ఫొటో తీయించండి. ప్లేటును ఊడదీసి మరో కారుకు బిగించవచ్చు. గోడ మీద చెక్కిన అక్షరాలను మార్చాలంటే గ్రైండింగ్, వెల్డింగ్ చేయాలి, అది జాడ వదులుతుంది. అక్షరాల చుట్టూ రంగు కొత్తగా ఉన్నా, లోహం నున్నగా ఉన్నా అనుమానించాలి. జపాన్ దేశీయ కార్లకు 17 అక్షరాల అంతర్జాతీయ నంబరు ఉండదని గుర్తుంచుకోండి. ఈ పొట్టి నంబరు చూసి గమ్యదేశపు గుమస్తా తికమక పడటం మామూలే.

యూరప్ కార్లలో ఇంజను అసలుదా కాదా అన్నది ధరను సగానికి సగం మార్చేస్తుంది. జాగ్వార్ ఈ-టైప్‌లో ఇంజను బ్లాకు, సిలిండర్ హెడ్ రెండింటి మీదా ఒకే ఇంజను నంబరు ఉంటుంది, గేర్‌బాక్స్, బాడీ, చాసిస్‌లకు విడి నంబర్లున్నాయి. హెరిటేజ్ ధ్రువపత్రం తెప్పిస్తే ఫ్యాక్టరీ రిజిస్టరులోని నంబర్లు, అసలు రంగు, తొలి డీలరు తెలుస్తాయి. ఎంజీ, ఆస్టిన్-హీలీ, ట్రయంఫ్ కార్లకు ఇలాంటి పత్రాన్ని గేడన్‌లోని బ్రిటిష్ మోటర్ మ్యూజియం వాళ్లు ఇస్తారు. ఫెరారీకి క్లాసికే ధ్రువీకరణ ఉంది. పత్రం పాటకు ముందే చూడాలి. ‘తర్వాత పంపుతాం’ అంటే లేదనే అనుకోండి.

తర్వాత లోహం. రంగు మందం కొలిచే చిన్న పరికరం ప్రతి ప్యానెల్ మీదా పెట్టించండి. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 అంటే మళ్లీ రంగు వేశారు. వెయ్యి దాటితే కింద లప్పం ఉంది. ఒక్క ప్యానెల్‌కు మళ్లీ రంగు వేయడం నేరం కాదు, 50 ఏళ్ల కారంతా ఒకే మందంలో మెరుస్తుంటేనే నాకు ప్రశ్నలు పుడతాయి. పాత రంగును పూర్తిగా తీసి చేసిన పని అయితే దాని ఫొటోలు ఉండి తీరాలి.

ఏ మోడల్ ఎక్కడ కుళ్లుతుందో ముందే తెలుసుకుని అక్కడికే మనిషిని పంపాలి. ఆర్32కు వెనక సస్పెన్షన్ తగిలే గోపురాలు, జాకీ పెట్టే అంచులు, తలుపుల కింది సిల్లులు. డిక్కీలో చాప ఎత్తి చూస్తే ఆ గోపురాల చుట్టూ సీలంటు పగిలిందా, దాని కింద గోధుమరంగు మరక ఉందా అన్నది కనబడుతుంది. ఎంజీబీ, ఈ-టైప్‌లకు సిల్లులు, ఫ్లోరు. పోర్షా 911లో 1976 మోడల్ నుంచి బాడీకి గాల్వనైజ్ చేసిన ఉక్కు వాడారు, కాబట్టి అంతకు ముందువాటిని రెట్టింపు శ్రద్ధతో చూడాలి. కారు ఎక్కడ తిరిగిందన్నదీ ముఖ్యమే. హొక్కైడో లాంటి మంచు ప్రాంతాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు కింది భాగాన్ని తినేస్తుంది. అమెరికాలోనూ ఇదే తేడా, అరిజోనా కారుకూ ఉత్తర సరస్సుల వైపు కారుకూ మధ్య కనిపిస్తుంది.

చివరగా ఇంజను. చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టమని పట్టుబట్టండి. మీ మనిషి వెళ్లేసరికే వేడెక్కి ఉంటే, మొదటి నిమిషంలో వచ్చే పొగనూ చప్పుడునూ ఎవరో దాచినట్టే. మజ్డా ఆర్ఎక్స్-7కు మామూలు కంప్రెషన్ గేజీ పనికిరాదు. దాని ఇంజనులో పిస్టన్ల బదులు తిరిగే రోటరుకు మూడు ముఖాలుంటాయి, మూడింటి ఒత్తిడినీ విడివిడిగా చూపే పరికరమే కావాలి. ఆ ఒక్క పరీక్ష చేయనివ్వని ఆర్ఎక్స్-7ను ఇంజను మార్చాల్సిన కారుగానే లెక్కగట్టి పాడండి.

పాట రోజు

రిజిస్ట్రేషన్‌కు గుర్తింపు పత్రం, బ్యాంకు లేఖ అడుగుతారు. వారం ముందే పూర్తి చేయండి. రిజర్వు ధర, అంటే అమ్మేవారు ముందే పెట్టుకున్న కనీస ధర, అందేదాకా వేలం నడిపేవారు అమ్మేవారి తరఫున పాట పెంచుకుంటూ పోవచ్చు. చాలాచోట్ల ఇది నిబంధనల్లోనే ఉంటుంది. గదిలో ఎవరూ చెయ్యెత్తకుండానే అంకె పెరుగుతున్నట్టనిపిస్తే కారణం అదే కావచ్చు. రిజర్వు అందక మిగిలిన కారు మీద కూడా ఆశ వదులుకోకండి. జపాన్‌లోనూ పశ్చిమ దేశాల్లోనూ వేలం ముగిశాక అమ్మేవారితో బేరానికి వీలుంటుంది. అరుపులు ఆగిన తర్వాత కొన్న కారే ఎక్కువసార్లు తక్కువకు వస్తుంది.

ఫోనులో పాడుతున్నా, ఏజెంటుకు అంకె చెప్పి వదిలేసినా, మీరు కాగితం మీద రాసుకున్న మొత్తాన్ని దాటకండి. ఏజెంటుకు ‘ఇంచుమించు ఇంత’ అని చెప్పడం ప్రమాదం. ఒకే అంకె చెప్పండి, మార్చుకోవాలంటే మీరే మార్చండి.

డబ్బు, పత్రాలు

బ్యాంకు వివరాలు మెయిల్లో వచ్చాక, మీరు సొంతంగా సంపాదించిన నంబరుకు ఫోను చేసి అంకె అంకెగా సరిచూసుకోండి. ‘మా ఖాతా మారింది’ అన్న మెయిలు మధ్యలో వస్తే అది మోసగాళ్ల పనే అనుకోవాలి. కరెన్సీ మారకపు విలువలో కదలికకు కూడా కొంత ఊపిరి పెట్టుకోండి. నిలవ ఛార్జీ పడకుండా కారును తీసుకెళ్లడానికి ఇచ్చే గడువు చాలాచోట్ల కొద్ది రోజులే.

జపాన్ నుంచి రావాల్సిన ముఖ్య కాగితం ఎగుమతి కోసం రిజిస్ట్రేషన్ రద్దు చేసినట్టు తెలిపే ధ్రువపత్రం. అసలు ప్రతే కావాలి, అనువాదంతో సహా. అమెరికా నుంచి తెస్తుంటే కారు యాజమాన్య పత్రమైన అసలు టైటిల్‌ను, కారును ఎగుమతికి కనీసం 72 గంటల ముందు కస్టమ్స్‌కు చూపించాలి. టైటిల్ మీద అప్పు ఇచ్చినవారి పేరుంటే వాళ్ల సమ్మతి లేనిదే కారు కదలదు. 1981కి ముందటి కార్లకు అక్కడా 17 అక్షరాల నంబరు లేదు కాబట్టి టైటిల్ మీది ప్రతి అంకెనూ లోహం మీది నంబరుతో పోల్చాలి. ఒక అంకె తప్పుంటే అమ్మినవారి దేశంలో ఉండగానే సరిచేయించండి. సముద్రం దాటాక అదే పని నెలలు పడుతుంది.

ఓడ

రెండు దారులు. నడిపి ఎక్కించి నడిపి దించే రోరో ఓడ చవక, కానీ కారు సొంతంగా నడవాలి, లోపల సామాను పెట్టకూడదు. కంటెయినర్ ఖరీదు, కానీ తలుపు మూసి సీలు వేశాక మరో చెయ్యి పడదు. 20 అడుగుల కంటెయినర్ లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు, ఒక స్పోర్ట్స్ కారు హాయిగా పడుతుంది. విలువైన కారుకూ, విడిభాగాలతో వచ్చే కారుకూ కంటెయినరే నా సలహా.

బీమా మాత్రం విడిగా, అన్ని నష్టాలకూ వర్తించేదే తీసుకోండి. 2022 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద ఫెలిసిటీ ఏస్ అనే ఓడ సుమారు 4,000 కార్లతో మంటల్లో చిక్కుకుని మార్చి 1న మునిగిపోయింది. మరుసటి ఏడాది ఫ్రీమాంటిల్ హైవే నెదర్లాండ్స్ తీరంలో కాలింది. ఓడ మునగకపోయినా ఖర్చు తప్పదు. సముద్ర చట్టంలో ‘జనరల్ యావరేజ్’ అని ఒక పాత సూత్రం ఉంది. ఓడను కాపాడటానికి పెట్టిన ఖర్చును సరుకు క్షేమంగా చేరినవారు కూడా పంచుకోవాలి, ఆ వాటా కట్టేదాకా కారు చేతికి రాదు. బీమా ఉంటే ఆ తలనొప్పి వాళ్లది. పాలసీలో కారు విలువ ముందే ఒప్పుకున్న మొత్తంగా రాసి ఉండాలి. ఎక్కించే ముందు తేదీ కనిపించేలా ప్రతి ప్యానెల్ ఫొటో తీయించండి. సొట్ట ఎక్కడ పడిందన్న వాదనను తేల్చేవి ఆ ఫొటోలే.

రేవులో ఆగిపోయే కారణాలు

కస్టమ్స్ పని క్లియరింగ్ ఏజెంటుకు అప్పగించి, మీరు మురికి మీద దృష్టి పెట్టండి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ చక్రాల గూళ్లలో మట్టి, ఎండుటాకు, విత్తనం కనబడినా ఆపేస్తాయి. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక రకం కంపు నల్లుల భయంతో కొన్ని దేశాల నుంచి వచ్చే సరుకుకు వేడి గానీ, పొగ గానీ పట్టించాలని అడుగుతాయి. ఆస్ట్రేలియాలో మరో గొడవ ఆస్‌బెస్టాస్. 2003 చివరి నుంచి దాని దిగుమతి నిషేధం. పాత కార్ల బ్రేకు, క్లచ్ లైనింగుల్లోనూ, గాస్కెట్లలోనూ అది ఉండే వీలుంది. పరీక్ష చేయించి, ఉంటే మార్చి, కాగితం జతచేసి పంపడం అక్కడ రేవులో మార్చడం కంటే ఎంతో చవక. అమెరికాకు అయితే భద్రత, ఉద్గారాల మినహాయింపు ఫారాలు ఓడ చేరకముందే నింపి ఉంచుకోవాలి.

తాళం తిప్పే ముందు

ఇంటికి చేరిన రోజునే హైవే ఎక్కకండి. టైరు పక్కన నాలుగంకెల కోడు ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరును తీసేయాలి. పెట్రోలు గొట్టాలు రెండో పని. పాత రబ్బరుకు ఇథనాల్ కలిసిన పెట్రోలు పడదు. మెత్తబడి, చెమ్మగిల్లి, వేడి ఇంజను మీద కారుతుంది. ట్యాంకులో ఉన్న పెట్రోలు ఎప్పటిదో తెలియదు, దించేయండి. బ్రేకు ద్రవం, కూలెంటు, నూనెలు అన్నీ మార్చండి. ఆర్32లోని ఆర్‌బీ26 ఇంజనుకు టైమింగ్ బెల్టు లక్ష కిలోమీటర్లకు మార్చాలని ఫ్యాక్టరీ చెబుతుంది. మార్చిన తేదీకి రుజువు లేకపోతే మార్చలేదనే లెక్క, నీటి పంపు కూడా అదే విడతలో.

రిజిస్ట్రేషన్‌కు వెళ్లేటప్పుడు హెడ్‌లైట్ల వంపు చూపించుకోండి. ఎడమవైపు నడిచే దేశానికి చేసిన దీపాలు కుడివైపు నడిచే దేశంలో ఎదుటివారి కళ్లలో పడతాయి. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత నూనె దించి, ఫిల్టరు కోసి లోపల లోహపు పొడి ఉందేమో చూడండి. ఉంటే, మరమ్మతు నిధిని తీయాల్సింది అప్పుడే.